రెండు కార్లలో జాగా, సీటు సుఖం: టేపు పట్టి తేల్చుకునే పద్ధతి

2022లో వచ్చిన మారుతి బ్రెజా వీల్‌బేస్ 2500 మి.మీ. 2023లో మారిన టాటా నెక్సాన్‌ది 2498. పొడవు రెండింటికీ 3995. కాగితం మీద చూస్తే లోపల జాగాలో తేడా ఉండకూడదు. కానీ వీల్‌బేస్ అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా ఉన్న దూరం మాత్రమే. పెడల్స్ ఎక్కడున్నాయి, ముందు సీటు వీపు ఎంత మందం, వెనక సీటును ఎంత వెనక్కి జరిపారు, మనిషిని నిటారుగా కూర్చోబెట్టారా, కాళ్లు బారచాపించారా అన్నవి ఆ అంకెలో కనిపించవు. మోకాలికి జాగా మిగిలేదీ లేనిదీ వాటి వల్లే.

వెడల్పులో నెక్సాన్ 1804, బ్రెజా 1790. ఎత్తులో బ్రెజా 1685, నెక్సాన్ 1620. ఆ 65 మి.మీ. తేడా అంతా తల మీద ఖాళీ అనుకోవద్దు. బయటి ఎత్తులో నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ, పైన రూఫ్ రెయిల్స్ కూడా కలిసి ఉంటాయి. వెడల్పూ అంతే, తలుపు మందం ఎంతో, బయటి రేకు ఎంత ఉబ్బిందో బ్రోషర్ చెప్పదు. అందుకే లోపల మనమే కొలవాలి. ఇక్కడ ఉదాహరణలకు ఈ రెండు కార్లనే వాడాం. ఏ రెండు కార్లకైనా పద్ధతి ఇదే.

ముందు ఇంట్లో మనుషుల్ని కొలవండి

షోరూమ్‌కు వెళ్లకముందే ఇంట్లో పది నిమిషాల పని ఇది. గట్టి స్టూలు గోడకు ఆనించి వేయండి. చెప్పులు లేకుండా, నడుము గోడకు తగిలేలా కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ అయిదు కొలతలు రాసుకోండి: స్టూలు నుంచి నడినెత్తి దాకా, గోడ నుంచి మోకాలి చిప్ప ముందు దాకా, గోడ నుంచి మోకాలి వెనక మడత దాకా, నేల నుంచి ఆ మడత దాకా, రెండు భుజాల బయటి అంచుల మధ్య వెడల్పు.

నిలబడినప్పటి ఎత్తు ఒక్కటే తెలిస్తే సరిపోదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, మరొకరికి మొండెం పొడవు ఉంటుంది. మొదటివారికి మోకాళ్ల దగ్గర ఇబ్బంది, రెండోవారికి తల దగ్గర. ఎవరు ఏ సీట్లో ఎక్కువగా కూర్చుంటారో ఆ పేరు పక్కనే రాయండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ వెనక ఎడమ సీట్లో కూర్చుంటే, మీ ఇంటికి సంబంధించినంతవరకు ఆ కారులో ముఖ్యమైన సీటు అదే.

వెంట తీసుకెళ్లాల్సినవి: 5 మీటర్ల ఉక్కు టేపు (పట్టీ వెడల్పుది, సన్నపు పట్టీ మధ్యలో వంగిపోయి తప్పు చూపిస్తుంది), 30 సెం.మీ. స్కేలు, గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్, కాగితపు మాస్కింగ్ టేపు, వాలు కొలిచే యాప్ ఉన్న ఫోన్. కార్లు రెండూ మీరు కొనబోయే వేరియంట్లే అయ్యుండాలి. సన్‌రూఫ్ చట్రం పైకప్పును కిందికి దింపుతుంది. సీటు ఎత్తు మార్చే లివరు కింది వేరియంట్లలో ఉండకపోవచ్చు. టాప్ వేరియంట్‌లో కూర్చుని కింది వేరియంట్ బుక్ చేస్తే కొలిచిందంతా వృథా.

డ్రైవర్ సీటును స్థిరం చేయకుండా ఏదీ కొలవద్దు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. డిస్‌ప్లే కారులో ముందు సీట్లు ముందుకు జరిపి ఉంటాయి. వెనక తలుపు తీయగానే కాళ్ల దగ్గర మైదానంలా కనిపిస్తుంది. ఆ సీటులో నిజంగా డ్రైవర్ కూర్చుంటే ఆ మైదానంలో సగం పోతుంది. కాబట్టి రెండు కార్లలోనూ ఒకే మనిషి, ఒకే చెప్పులతో, ఒకే వరసలో సీటు సర్దుకోవాలి.

1. సీటు ఎత్తు సర్దండి. బోనెట్ అంచు కనిపించాలి, నెత్తికీ పైకప్పుకూ మధ్య కనీసం నాలుగు వేళ్లు మిగలాలి.
2. క్లచ్‌ను పూర్తిగా తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి, పిరుదులు సీటు వెనక్కి ఆనే ఉండాలి. ఆటోమేటిక్ అయితే బ్రేక్‌ను గట్టిగా తొక్కి చూడండి.
3. వీపు ఆనించే ఉంచి చెయ్యి చాపండి. స్టీరింగ్ పై అంచు మీద మణికట్టు ఆనాలి. ఆనకపోతే మొదట సీటు వీపును నిటారు చేయండి, స్టీరింగ్ ముందుకు వచ్చే రకమైతే తర్వాత దాన్ని లాగండి.
4. సీటు వీపు వాలును ఫోన్‌తో చూసి రాసుకోండి. రెండు కార్లలో 3 డిగ్రీలకు మించి తేడా ఉంటే మళ్లీ సర్దండి.
5. సీటు పట్టా మీద సీటు ఎక్కడ ఆగిందో మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి. ఎవరైనా మధ్యలో జరిపినా తిరిగి అక్కడికే తేవచ్చు.

స్టీరింగ్ కిందికీ పైకీ మాత్రమే కదిలి, ముందుకు రాకపోతే పొడవు కాళ్లవారు చేతుల కోసం సీటును దగ్గరికి లాక్కుంటారు, మోకాళ్లు డ్యాష్‌బోర్డ్ కిందికి చేరతాయి. ఇలాంటి కారులో వెనక జాగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పెరుగుదలకు మూల్యం చెల్లించేది డ్రైవరు. సీటు సర్దుకున్నాక ఇంకో రెండు చూడండి: ఎడమ కాలికి ఆనించుకునే చోటు ఉందా, మధ్య కన్సోల్ అంచు మోకాలి పక్క ఎముకకు గుచ్చుకుంటోందా. గంట ప్రయాణంలో ఆ గట్టి ప్లాస్టిక్ అంచు చిరాకు పెట్టేంత పని చేస్తుంది.

జంట పొడవు: సీటు జరిపినా మారని అంకె

ముందు సీటును జరిపితే వెనక జాగా మారుతుంది గానీ రెండూ కలిపిన మొత్తం మారదు. బ్రేక్ పెడల్ నుంచి వెనక సీటు వీపు దాకా ఉన్న ఈ మొత్తాన్ని మేం జంట పొడవు అంటాం. రెండు కార్లను పోల్చడానికి దీన్ని మించిన అంకె లేదు.

మధ్యలో సీట్లు అడ్డం కాబట్టి టేపు నేరుగా పట్టదు. కుడివైపు రెండు తలుపులూ తెరవండి. తొక్కని బ్రేక్ పెడల్ ముఖానికి సూటిగా పక్కకు వచ్చి, తలుపు కింద ఉండే గుమ్మం పట్టీ మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి గీత గీయండి. నోట్‌బుక్ అంచును మూలమట్టంలా వాడితే గీత వంకర పోదు. వెనక సీటులో కూర్చునే చోటికీ వీపుకూ మధ్య మడత ఉంటుంది. అక్కడ స్కేలును అరచేత్తో గట్టిగా నొక్కి, దానికి సూటిగా గుమ్మం మీద రెండో గీత గీయండి. రెండు గీతల మధ్య దూరమే జంట పొడవు. మూడుసార్లు కొలవండి. మూడింటికీ 10 మి.మీ. కన్నా ఎక్కువ తేడా వస్తే గీత తప్పిందని అర్థం. రెండు కార్ల మధ్య తేడా 10 మి.మీ. లోపే ఉంటే దాన్ని సమానంగానే లెక్కించండి.

అయితే ఎత్తు పొడవును ఆదా చేస్తుంది. కారు లోపలి నేల నుంచి సీటు ఎత్తుగా ఉంటే కాళ్లు కుర్చీలో లాగా కిందికి దిగుతాయి. సీటు కుంగి ఉంటే కాళ్లు ముందుకు చాపాలి. అందువల్ల జంట పొడవు 20 మి.మీ. తక్కువున్నా, సీటు 40 మి.మీ. ఎత్తున్న కారులో మోకాలికి ఎక్కువ ఖాళీ మిగలొచ్చు. జంట పొడవు పక్కనే సీటు ఎత్తు కూడా రాయమనేది ఇందుకే.

వెనక సీటు

డ్రైవర్ కూర్చునే ఉండగా అతని వెనక మరొకరు కూర్చోవాలి. నడుము పూర్తిగా వెనక్కి ఆనించాలి. ముందుకు జారి కూర్చుంటే కొలత అబద్ధం చెబుతుంది. మోకాలి చిప్ప నుంచి ముందు సీటు వీపు దాకా అడ్డంగా కొలవండి. నిలువుగా పెట్టిన పిడికిలి మోకాలికీ సీటుకూ మధ్య ఇమిడితే దూర ప్రయాణానికి బాగుంటుంది. మూడు వేళ్లే పడితే ఊళ్లో తిరగడానికి సరి. సీటు వీపు వెనక గట్టి ప్లాస్టిక్ ఉంటే అదే ఖాళీ ఇంకా తక్కువ అనిపిస్తుంది, గతుకులో మోకాలు తగిలితే నొప్పి.

తర్వాత పాదాలు. ముందు సీటును పూర్తిగా కిందికి దించి, దాని కిందికి బూటు దూరుతుందో లేదో చూడండి. దూరకపోతే మోకాలికి ఎంత జాగా ఉన్నా కాళ్లు ఒకే చోట బిగుసుకుంటాయి, అరగంటకే పిక్కలు లాగుతాయి. సీటు కింద వైర్లు, ఏసీ గొట్టం అడ్డుగా ఉన్నాయేమో వంగి చూడండి.

తలకు: నోట్‌బుక్‌ను నెత్తి మీద సమంగా పెట్టి అక్కడి నుంచి పైకప్పుకు కొలవాలి. ఖాళీ సీటు మీంచి పైకి కొలిస్తే తప్పు. మెత్తటి సీటులో మనిషి లోతుగా దిగుతాడు, గట్టి సీటులో దిగడు. కంపెనీల సాంకేతిక పత్రాల్లో కనిపించే హెడ్‌రూమ్ తలపై మిగిలే ఖాళీ కాదని కూడా గుర్తుంచుకోండి. బరువున్న కొలత బొమ్మ తుంటి బిందువు నుంచి 8 డిగ్రీలు వెనక్కి వాలిన గీత మీద పైకప్పు దాకా కొలిచి దానికి 102 మి.మీ. కలుపుతారు. లెగ్‌రూమ్‌కైతే చీలమండ నుంచి తుంటి దాకా కొలిచి 254 మి.మీ. కలుపుతారు. ఆ అంకెలు కారుకూ కారుకూ పోలికకు పనికొస్తాయి, మీ తలకు తగులుతుందో లేదో చెప్పవు.

తలుపు పక్కన కూర్చున్నవారు తలను పక్కకు వంచి కూడా చూడాలి, పైకప్పు వంపు అక్కడే దగ్గరవుతుంది. కొప్పు పెట్టుకునేవారు హెడ్‌రెస్ట్‌కు ఆని చూడాలి. హెడ్‌రెస్ట్ ముందుకు పొడుచుకొచ్చి ఉంటే కొప్పు తలను ముందుకు నెడుతుంది, పావుగంటలో మెడ పట్టేస్తుంది. ఈ లోపాన్ని సర్దే మార్గం చాలా కార్లలో లేదు.

ముగ్గురి సంగతి. తలుపులు మూసి, లోపలి నుంచి భుజాల ఎత్తులో ఒక కొలత, మోచేతుల ఎత్తులో ఒకటి, తుంటి ఎత్తులో ఒకటి తీసుకోండి. ఇంట్లో ముగ్గురి భుజాల వెడల్పు కలిపి 132 సెం.మీ. వచ్చి, కారులో 128 ఉంటే మధ్యవారు భుజాలు ముందుకు తెచ్చి కూర్చోవాలి. ఊరి లోపల పర్లేదు, హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా కష్టం. మధ్య సీటుకు వెడల్పు ఒక్కటే కాదు, ఇంకా నాలుగు ఉన్నాయి: నేల మధ్య గుట్ట ఎంత ఎత్తు, వెనక ఏసీ గ్రిల్ ఉన్న డబ్బా మోకాళ్ల మీదికి ఎంత వచ్చింది, వీపు దగ్గర మడిచిన ఆర్మ్‌రెస్ట్ ఎంత గట్టిగా తగులుతోంది, మధ్యవారికి మూడు చోట్ల బిగించే బెల్టు, హెడ్‌రెస్ట్ ఉన్నాయా. చివరి రెండూ లేని కారులో అయిదో మనిషిని లెక్కలోకి తీసుకోకండి.

పసిబిడ్డ ఉన్న ఇల్లయితే వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు తీసుకెళ్లి బిగించి చూడాల్సిందే. అది ముందు ప్యాసింజర్ సీటును ముందుకు తోసేస్తుంది. తర్వాత ఆ ముందు సీటులో పెద్దవాళ్లు కూర్చోగలరా అన్నది అసలు ప్రశ్న.

ఎక్కడం, దిగడం

కారు బయట నేల నుంచి సీటు బయటి అంచు దాకా కొలిచి, దాన్ని నేల నుంచి మోకాలి మడత దాకా ఉన్న కొలతతో పోల్చండి. సీటు అంచు దానికంటే ఒక జానెడు ఎత్తు ఉంటే పిరుదులను పక్కకు జరిపితే చాలు, కూర్చున్నట్టే. దానికంటే కిందికి ఉంటే లేచేటప్పుడు బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. మరీ ఎత్తయితే పొట్టిగా ఉన్న పెద్దవారు ఎగరాల్సి వస్తుంది. ఎస్‌యూవీ అయితే పెద్దవాళ్లకు సుఖం అన్న మాట అందరికీ వర్తించదు. గుమ్మం పట్టీ వెడల్పు కూడా చూడండి. వెడల్పుగా ఉంటే చీర కుచ్చిళ్లు, పంచె అంచు దానికి రాసుకుని మట్టి అంటుతుంది, కాలు కూడా దూరంగా వేయాలి. సెల్లార్‌లో పక్క కారుకూ మీకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో ముందే కొలుచుకుని, తలుపును అంతే తెరిచి దిగి చూపించమనండి. షోరూమ్‌లో తలుపు బార్లా తెరుచుకుంటుంది, ఇంట్లో తెరుచుకోదు.

సీటు సుఖం

మొదటి నిమిషంలో మెత్తగా తగిలే సీటు చాలాసార్లు మొదటి గంటలోనే ఓడిపోతుంది. ఫోమ్ మరీ మెత్తనైతే బరువుకు పూర్తిగా అణిగి, కింద ఉన్న స్ప్రింగుల చట్రం పిరుదుల ఎముకలకు తగులుతుంది. కాస్త గట్టి ఫోమ్ బరువును తొడల దాకా పంచుతుంది. అందుకే వేలితో నొక్కి చూసి తీర్పు చెప్పొద్దు.

మొదట కుషన్ (సీటులో కూర్చునే భాగం) పొడవు. వీపు మడతలో స్కేలు నొక్కి, అక్కడి నుంచి సీటు ముందు అంచు దాకా కొలవండి. ఇది మీ గోడ నుంచి మోకాలి మడత దాకా ఉన్న కొలతకు 3 నుంచి 5 సెం.మీ. తక్కువ ఉండాలి, అంటే కూర్చున్నాక మోకాలి వెనక రెండు మూడు వేళ్లు దూరాలి. కుషన్ ఎక్కువ పొడవైతే అంచు మోకాలి వెనక నొక్కుతుంది, మనిషి తెలియకుండా ముందుకు జారతాడు, నడుము కింద ఖాళీ పడుతుంది. తక్కువైతే తొడలు గాల్లో ఉంటాయి, బరువంతా పిరుదుల మీదే. ఇంట్లో పొడగరికీ పొట్టివారికీ ఒకే కుషన్ సరిపోదు కాబట్టి ఆ సీట్లో ఎవరు కూర్చుంటారో వారి కొలతకే పోల్చండి.

వెనక సీటు ముందు అంచు నుంచి మ్యాట్ దాకా ఎత్తు రెండోది. ఇది నేల నుంచి మోకాలి మడత దాకా ఉన్న కొలతకు చాలా తక్కువైతే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి. పెట్రోలు కారు బాడీలోనే నేల కింద బ్యాటరీ అమర్చిన ఎలక్ట్రిక్ కార్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, నేల పైకి వస్తుంది గానీ సీటు అంత పైకి రాదు. ఒకే పేరుతో పెట్రోలు, ఎలక్ట్రిక్ రెండూ ఉంటే రెండింటిలోనూ విడివిడిగా కూర్చోవాలి.

నడుము కింద అరచేయి పెట్టి చూడండి. సులువుగా అటు నుంచి ఇటు దూరిపోతే అక్కడ ఆధారం లేదు. అదే పరీక్ష అరగంట తర్వాత మళ్లీ చేయండి, కొన్ని సీట్లలో ఖాళీ పెరుగుతుంది. పక్క దిండ్ల (సీటుకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే అంచుల) విషయంలో నల్లమల ఘాట్ మీదుగా శ్రీశైలం వెళ్లేవారికి గట్టివి కావాలి, రోజుకు పదిసార్లు ఎక్కి దిగేవారికి పలచనివే నయం. ఎత్తైన పక్క దిండు ఉన్న సీటులో లావుగా ఉన్నవారు దాని మీదే కూర్చోవాల్సి వస్తుంది, అది త్వరగా చిరుగుతుంది కూడా.

సమయ పరీక్ష ఇలా చేయండి. 5వ నిమిషం, 20వ నిమిషం, 45వ నిమిషం దగ్గర ఆగి మెడ, భుజాలు, నడుము, పిరుదులు, తొడలు, మోకాళ్లు, పాదాలకు 0 నుంచి 3 దాకా నొప్పి మార్కులు వేయండి. 0 అంటే ఏమీ లేదు, 3 అంటే దిగాలనిపిస్తోంది. 5వ నిమిషం మార్కులు పెద్దగా పట్టించుకోకండి. 20 నుంచి 45కి ఏది పెరిగిందో అదే మీ సీటు లోపం. షోరూమ్ వాళ్లు పావుగంట కంటే ఎక్కువసేపు కారు ఇవ్వకపోతే సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు అవే మోడళ్లను ఒక్కో రోజు తీసుకోండి. అద్దె కార్లలో డ్రైవర్ సీటు ఫోమ్ నలిగి ఉంటుంది, వెనక సీటు మాత్రం దాదాపు కొత్తగానే ఉంటుంది.

ఎండాకాలం మాట వేరే. రెగ్జిన్ లాంటి కృత్రిమ తోలు చెమటను పీల్చదు, మే నెలలో ఎండలో ఆగిన కారులో నల్ల సీటు తొడలకు చురుక్కుమంటుంది. బట్ట సీటు ఆ విషయంలో మేలు, మరకల విషయంలో కాదు. వీలైతే మధ్యాహ్నం రెండింటికి కారును అరగంట ఎండలో నిలిపి, ఏసీ వేసి, వెనక కూర్చున్నవారికి ఎన్ని నిమిషాల్లో చల్లబడిందో చూడండి.

రోడ్డు మీద

టైరు గాలి చూడకుండా బయలుదేరవద్దు. టెస్ట్ డ్రైవ్ కార్లలో గాలి ఎక్కువ ఉంటే మంచి సీటు కూడా గట్టిగా తగులుతుంది. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఉన్నంత, టైర్లు చల్లగా ఉన్నప్పుడు సర్దించండి. రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే దారిలో, అంతే మందితో నడపండి. స్పీడ్ బ్రేకర్ మీద గంటకు 20 కి.మీ., ప్యాచ్‌లున్న రోడ్డు మీద 40, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లాంటి చోట 80 నుంచి 100. వెళ్లేటప్పుడు ముందు కూర్చున్నవారు వచ్చేటప్పుడు వెనక కూర్చోవాలి. వెనక సీటు ఇరుసుకు దగ్గర, కుదుపు అక్కడ ఎక్కువ. డ్రైవర్‌కు తెలియని ఎగరడం వెనకవారికి తెలుస్తుంది.

డిక్కీ

నెక్సాన్‌కు 382 లీటర్లు, బ్రెజాకు 328 అని కంపెనీలు చెబుతాయి. లీటర్లను 200 × 100 × 50 మి.మీ. దిమ్మెలు పేర్చి లెక్కించే పద్ధతి ఒకటుంది, అలాంటి దిమ్మె ఒక్కోటి ఒక లీటరు. మీ సూట్‌కేసు దిమ్మె కాదు. నోటి వెడల్పు, గుమ్మం ఎత్తు కొలిచి, ఇంట్లో ఉన్న పెద్ద పెట్టెను, 25 కిలోల బియ్యం బస్తాను పెట్టి చూడండి. సీఎన్‌జీ వేరియంట్ అయితే లీటర్లు తగ్గుతాయి, నెక్సాన్ సీఎన్‌జీలో 321.

తేల్చుకోవడం

అన్ని మార్కులూ కలిపి సగటు తీయకండి. ముందు సీటుకు పదికి పది, అమ్మమ్మ సీటుకు రెండు వస్తే సగటు ఆరు, కానీ ఆ కారులో అమ్మమ్మ ఊరికి రారు. ఒక్కొక్కరి సీటుకూ విడిగా మార్కు రాసి, ప్రతి కారులోనూ అతి తక్కువ మార్కును పోల్చండి. అది ఎక్కువున్న కారు మీది. రెండూ సమానమైతే అప్పుడు మిగతావి చూడండి. మోకాలికి రెండు వేళ్లు కూడా లేకపోవడం, నెత్తికి పైకప్పు తగలడం, 45వ నిమిషంలో నడుముకు 3 రావడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కారును పక్కన పెట్టండి. ధర తగ్గించినా ఆ లోపం తగ్గదు.

కొన్నాక సీటు కవర్లు వేయించేటప్పుడు ఒక జాగ్రత్త. మందపాటి ఫోమ్ ఉన్న కవర్ వీపు దగ్గర 2 సెం.మీ. ముందుకు తోస్తే కుషన్ పొడవు అంత తగ్గుతుంది, మోకాలి ఖాళీ కూడా పోతుంది. ఇంత శ్రమపడి కొలిచిన కారు మారిపోతుంది. ముందు సీటు పక్క కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉంటే, పక్క ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టును చీల్చుకునే బయటికి వస్తుంది. ఆ చోట మామూలు కవర్ బిగిస్తే దానికి దారి మూసుకుపోతుంది. ఆ పక్కన తెరుచుకునే కుట్టు ఉన్న, ఆ మోడల్ కోసమే చేసిన కవర్ అయితేనే వేయించండి. లేకపోతే కంపెనీ ఇచ్చిన బట్టనే ఉంచేయండి.